ఏకాహంలో ఎలక్ట్రిక్ పియానో: 34 సెంట్లు పైనున్న హార్మోనియంతో సాఫ్ట్‌వేర్ శ్రుతి కలిపిన తీరు

పర్లాకిమిడిలో ఒక రామమందిరం. కార్తీక మాసం, ఏకాహం. 24 గంటలూ నామం ఆగకూడదు కాబట్టి బృందాలు వంతులు వేసుకుంటాయి: ఊళ్లోని తెలుగు భజన బృందం, సరిహద్దు అవతల పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు, తెల్లవారుజాము వంతుకు ఒడియా కీర్తన మండలి. గొంతులు మారతాయి, తాళాలు మారతాయి. హార్మోనియం మాత్రం మందిరానిదే, అది అక్కడే ఉంటుంది. 42 మెట్లు, బాస్ ఒకటి మేల్ ఒకటి రెండు వరుసల రీడ్లు, స్కేల్ చేంజర్ లేని పాత పెట్టె. దాని పక్కన ఈసారి తెలుగు బృందం కుర్రాడు 61 మెట్ల మిడి కంట్రోలర్ (తానుగా మోగదు, ఏ మెట్టు నొక్కారో సాఫ్ట్‌వేర్‌కు చెబుతుంది), ల్యాప్‌టాప్, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టుకుని రోడ్స్ తరహా సాఫ్ట్‌వేర్ ఎలక్ట్రిక్ పియానో వాయించాలి.

ఫిర్యాదు రిహార్సల్లోనే వచ్చింది. పియానో ఒక్కటే వింటే బాగుంది, హార్మోనియం ఒక్కటే విన్నా బాగుంది. రెండూ కలిస్తే మాత్రం స్వరం గడగడా వణుకుతోంది. "బాబూ, ముందు ఆ వణుకు ఆపు" అన్నారు హార్మోనియం పెద్దాయన. ట్రెమొలో ఆపారు, పోలేదు. స్పీకర్ మార్చారు, పోలేదు. పియానో కాస్త కిందుందని ఎవరో పట్టుకుని ట్రాన్స్‌పోజ్ +1 నొక్కారు, అంటే అన్ని స్వరాలనూ ఒక మెట్టు పైకి జరిపారు. పాడేవాళ్లు వెంటనే ఆపేయమన్నారు. కరెంటు డల్‌గా ఉంది, అందుకే శ్రుతి దిగిందని ఇంకో మాట. టేప్ రికార్డర్ మోటారు రోజుల్లో ఆ మాటకు అర్థం ఉండేది. సాఫ్ట్‌వేర్ శ్రుతిని నడిపేది ఇంటర్‌ఫేస్‌లోని క్రిస్టల్ గడియారం. అది పదిలక్షకు 50 వంతులు తప్పినా వచ్చే తేడా ఒక సెంటులో (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) పదో వంతు కూడా ఉండదు. వోల్టేజి పడిపోతే ల్యాప్‌టాప్ ఆగిపోతే ఆగిపోవచ్చు, శ్రుతి మాత్రం దిగదు.

ఏది తప్పిందో ముందు తేల్చాలి

పియానోలో కోరస్, ఫేజర్, ట్రెమొలో, రివర్బ్ అన్నీ ఆపి, ట్యూనర్ రిఫరెన్స్ (ఏ (A) స్వరానికి ఎన్ని హెర్ట్జ్ అని అది పట్టుకునే అంకె) 440లో ఉందో లేదో చూసుకుని, మధ్య స్థాయి ఏ (A) మెట్టు నొక్కి పట్టారు. రిఫరెన్స్ చూడమన్నది ఊరికే కాదు. ఫోన్లో ట్యూనర్‌ను అంతకుముందు ఎవరైనా 442కి పెట్టి వదిలేస్తే ప్రతి కొలతా దాదాపు 8 సెంట్లు తక్కువ చూపిస్తుంది, లెక్కంతా ఆ తప్పు మీదే నడుస్తుంది.

కొలిచేటప్పుడు ఇంకో సంగతి. అసలు రోడ్స్‌లో టైన్ అనే సన్నటి ఉక్కు కడ్డీని సుత్తి కొడుతుంది. టైన్ మీదున్న చిన్న స్ప్రింగును జరిపితే శ్రుతి మారుతుంది. కొట్టిన క్షణంలో గంటలాంటి పై స్వరం ఒకటి మోగుతుంది, అది మూల స్వరానికి లెక్క ప్రకారం పొసగదు. సాఫ్ట్‌వేర్ ఆ గంటనూ అలాగే అనుకరిస్తుంది. కాబట్టి ట్యూనర్ ముల్లు మొదటి అర సెకను ఎటో పోతుంది. మెట్టు మెల్లగా నొక్కి, గంట అణిగాక కనిపించే అంకెనే రాసుకోవాలి.

ఇక్కడ పియానో ఏ (A) సరిగ్గా 440.0 చూపింది. ఇది కీలకం. 479 చూపితేనో 404 చూపితేనో రోగం వేరు: సాఫ్ట్‌వేర్ 44.1 కిలోహెర్ట్జ్ అనుకుంటుంటే ఇంటర్‌ఫేస్ 48లో నడుస్తుండటం, లేదా దానికి తలకిందులు. ఆ తేడా దాదాపు 147 సెంట్లు, అంటే ఒకటిన్నర మెట్టు. దాన్ని ఫైన్ ట్యూనింగ్‌తో సరిచేయకూడదు, శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు లెక్కిస్తుందో ఆ సంఖ్య) రెండు చోట్లా ఒకటే చేయాలి.

పియానో తప్పు కాదని తేలింది కాబట్టి హార్మోనియాన్ని కొలిచారు. బాస్ స్టాపర్ మూసి, మేల్ ఒక్కటే తెరిచి, తిత్తి నింపాదిగా ఒకే వేగంతో వేస్తూ, ఒక్కో మెట్టు నాలుగు సెకన్లు. రెండు వరుసలూ తెరిస్తే ట్యూనర్ ఏ స్థాయిని పట్టుకోవాలో తెలియక ఎగురుతుంది. తిత్తి గట్టిగా కొడితే రీడు కొన్ని సెంట్లు దిగుతుంది, అందుకే భజన నడిచే సాధారణ బలంతోనే కొలవాలి. 440 సమాన శ్రుతికి (12 మెట్ల మధ్య దూరాలన్నీ సమానంగా ఉండే శ్రుతి) మధ్య స్థాయి ఎంత పైనుందో వచ్చిన అంకెలు ఇవి:

సీ +34, సీ షార్ప్ +32, డీ +38, డీ షార్ప్ +33, ఈ +21, ఎఫ్ +32, ఎఫ్ షార్ప్ +31, జీ +36, జీ షార్ప్ +35, ఏ +18, ఏ షార్ప్ +32, బీ +22.

తార స్థాయి జీ ఒక్కటి +9 చూపింది. ఒక్క రీడు మిగతావాటికి అంత దూరంగా ఉంటే దాన్ని నమ్మకూడదు. నాలుక కొసన దుమ్మో తుప్పో చేరి బరువెక్కితే శ్రుతి దిగుతుంది. పై పలక తీసి, పలచటి కాగితం ముక్కను నాలుక కిందకు దూర్చి, మెల్లగా లాగి, ఊదితే +35కు వచ్చింది. గీకుడు అవసరం పడలేదు.

ఏ స్వరాన్ని పట్టుకుని కలపాలి

సీ +34, జీ +36, కానీ ఏ (A) మాత్రం +18. ఇది చెడిపోయిన హార్మోనియం కాదు, ఒక పద్ధతిలో కలిపినదే. సీని షడ్జంగా ఉంచుకుని, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం చెవికి హాయిగా కుదిరేదాకా దించారు. స్వచ్ఛమైన గాంధారం షడ్జానికి 5/4 నిష్పత్తి, అంటే 386.3 సెంట్లు, సమాన శ్రుతిలో 400. ధైవతం 5/3 అయితే 884.4, సమాన శ్రుతిలో 900. నిషాదం 15/8 అయితే 1088.3, అక్కడ 1100. నల్ల మెట్లను అంత పట్టించుకోలేదు, అవి దాదాపు సమాన శ్రుతిలోనే ఉన్నాయి.

ప్రతి ట్యూనర్, ప్రతి సాఫ్ట్‌వేర్ మనల్ని అడిగేది ఏ (A) ఎంత అని. ఈ పెట్టెలో అలా ఏని కొలిచి పియానోను 444.6కి పెడితే ఏ (A) ఒక్కటి కలుస్తుంది, స ప రెండూ చెడతాయి. మధ్య స్థాయి సీ హార్మోనియంలో 266.8 హెర్ట్జ్, పియానోలో 264.4, సెకనుకు రెండున్నర బీట్లు, అంటే రెండున్నర వణుకులు. భజనలో ఏ మెట్టు ఎంతసేపు మోగుతుందో లెక్కేసుకుంటే జవాబు తెలిసిపోతుంది. సగం పాట షడ్జం మీదే నిలబడుతుంది. షడ్జాన్నే పట్టుకోవాలి. ఏమీ మార్చకుండా ఉన్నప్పుడు అదే సీ దగ్గర తేడా 5.2 హెర్ట్జ్, పై స్థాయిలో 10.4. పెద్దాయన విన్న వణుకు అదే. ట్రాన్స్‌పోజ్ +1 ఎందుకు పనికిరాలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది: 34 కిందున్న పియానో 66 పైకి పోయింది.

హార్మోనియాన్నే 440కి దించవచ్చు కదా అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. 42 మెట్లు, రెండు వరుసలు, 84 రీడ్లు. శ్రుతి దించాలంటే నాలుక మొదట్లో గీకాలి, పెంచాలంటే కొసన. 34 సెంట్లు దించడమంటే పాత ఇత్తడి నాలుకలను వేళ్ల దగ్గర పలచబరచడమే; తర్వాత అవి విరుగుతాయి. మందిరం పెట్టెకు అలవాటుపడిన గొంతులు కూడా ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో ఒక అంకె మారిస్తే పోయేదానికి పెట్టె మీద చెయ్యి వేయకూడదు.

మొదటి అంకె: +34

సాఫ్ట్‌వేర్ పియానోలో మాస్టర్ ట్యూన్ లేదా ఫైన్ ట్యూనింగ్ అనే గుబ్బ ఉంటుంది. సెంట్లలో అడిగితే +34, హెర్ట్జ్‌లో అడిగితే 448.7. ఉచితంగా దొరికే ఎండీఏ ఈపియానోలో ఫైన్ ట్యూనింగ్ పైకి కిందకు 50 సెంట్ల దాకా ఉంది, కాబట్టి సరిపోతుంది. ఎక్కడైనా హార్మోనియం +66 ఉంటే ఒక మెట్టు ట్రాన్స్‌పోజ్ చేసి −34 పెట్టాలి.

అదే పేజీలో రాండమ్ ట్యూనింగ్ అనే ఇంకో గుబ్బ ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో దాని పేరు ఏజ్, కొన్నిటిలో కండిషన్. పాత పియానోలో ప్రతి టైన్ కాస్త అటూ ఇటూ ఉంటుంది కదా, ఆ సహజత్వం కోసం పెట్టింది. రికార్డింగులో పియానో ఒక్కటే ఉంటే అందమే. హార్మోనియం పక్కన మాత్రం సున్నా చేయాలి, లేకపోతే ఒక మెట్టు కలిసి పక్క మెట్టు కలవదు, తప్పెక్కడో వెతుక్కుంటూ కూర్చోవాలి. స్ట్రెచ్ ట్యూనింగ్ (పై స్వరాలను కాస్త పైకి, కింది స్వరాలను కాస్త కిందకు సాగదీసేది) ఉంటే అదీ ఆపాలి. హార్మోనియానికి ఆ సాగదీత ఉండదు.

ఫైన్ ట్యూనింగే లేని సాఫ్ట్‌వేర్ అయితే మిడి దారి ఉంది. ఆర్‌పీఎన్ 1 అనేది చానెల్ ఫైన్ ట్యూనింగ్: సీసీ (మిడి కంట్రోల్ సందేశం) 101కి 0, సీసీ 100కి 1, సీసీ 6కి 85, సీసీ 38కి 97. పైకీ కిందకూ 100 సెంట్లను 16384 భాగాలుగా విడగొట్టి, నడిమి 8192 నుంచి +34కు లెక్కిస్తే 10977 వస్తుంది; 85, 97 దాని రెండు ముక్కలు. చివర్లో 101కీ 100కీ 127 పంపి తలుపు మూయాలి, లేకపోతే తర్వాత డేటా ఎంట్రీ గుబ్బ తగిలితే శ్రుతి కదులుతుంది. చాలా ప్లగిన్లు (ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాద్యాలు) ఆర్‌పీఎన్ 1ని అసలు పట్టించుకోవు, పంపాక ట్యూనర్‌తో చూడాల్సిందే.

పిచ్ బెండ్‌ను (శ్రుతిని పైకీ కిందకూ వంచే చక్రం) 9585 దగ్గర నిలిపి ఉంచడం ఆఖరి ఉపాయం. బెండ్ పరిధి రెండు మెట్లు ఉన్నప్పుడే ఆ అంకె +34 అవుతుంది. పైగా ఎవరి మోచెయ్యో చక్రానికి తగిలి వదిలితే అది 8192కి తిరిగొస్తుంది, నడి నామంలో పియానో దబ్బున దిగుతుంది. ఈ దారి పడితే చక్రం సందేశాలను హోస్ట్‌లో, అంటే ప్లగిన్‌ను నడిపే ప్రోగ్రాంలో, అడ్డుకోవాలి. అవుట్‌పుట్ మీద పిచ్ షిఫ్టర్ ప్లగిన్ వేయడం మాత్రం వద్దు. ఆలస్యం పెరుగుతుంది, టైన్ మొదటి దెబ్బ ముద్దగా మారుతుంది.

మిగిలిన మూడు స్వరాలు

+34 తర్వాత స, ప, మ కుదిరాయి. రి నాలుగు సెంట్లు, నల్ల మెట్లు మూడు లోపు తేడా, అది ఎవరికీ వినిపించదు. ఈ (E), ఏ (A), బీ మాత్రం పియానోలో వరుసగా 13, 16, 12 సెంట్లు పైనుండిపోయాయి. మధ్య స్థాయి ఈ (E) దగ్గర పియానో 336.2, హార్మోనియం 333.7. మళ్లీ రెండున్నర బీట్లు, ఈసారి గాంధారం మీద.

స్వరానికో అంకె ఇచ్చే వీలున్న సాఫ్ట్‌వేర్ అయితే స్కాలా ఫైల్ రాయాలి. పియానోటెక్ స్టాండర్డ్ లాంటివి దాన్ని నేరుగా తీసుకుంటాయి. ఫైల్ మామూలు నోట్‌ప్యాడ్‌లో రాసేదే: మొదటి వరుసలో పేరు, రెండో వరుసలో 12, తర్వాత వరుసకొకటిగా షడ్జం నుంచి దూరాలు. ఈ పెట్టెకు అవి 98.0, 204.0, 299.0, 387.0, 498.0, 597.0, 702.0, 801.0, 884.0, 998.0, 1088.0, చివర 1200.0. షడ్జపు సున్నా రాయకూడదు.

ఇందులో దశాంశ చుక్క ఉండి తీరాలి. చుక్క ఉంటే సెంట్లు, లేకపోతే నిష్పత్తి. 204 అని మాత్రమే రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని షడ్జానికి 204 రెట్లు అని చదువుతుంది. డీ నొక్కితే ఏమీ వినపడకపోవడమో, కీచుమనడమో జరిగితే ముందు ఆ చుక్కే చూడాలి.

రెండో గోతి ఇంతకంటే లోతు. పట్టిక ఎక్కించాక ఏ స్వరం కదలకుండా ఉంటుంది? కొన్ని సాఫ్ట్‌వేర్లు ఏని 440 దగ్గర పట్టుకుని మిగతావాటిని చుట్టూ సర్దుతాయి. అప్పుడు పట్టికలో ఏ (A) 884 కాబట్టి, సీ దానంతట అదే 16 సెంట్లు పైకి జరుగుతుంది. దాని మీద +34 ఉంటే షడ్జం +50. మొదటి పరీక్షలో వచ్చిందీ సరిగ్గా అదే. రెండు మందులున్నాయి: కీబోర్డ్ మ్యాపింగ్ ఫైల్లో ఆధార స్వరంగా మిడి 60 (మధ్య స్థాయి సీ), పౌనఃపున్యం 266.81 అని రాసి మాస్టర్ ట్యూన్ సున్నా చేయడం. లేదా మాస్టర్‌ను +18కి దించడం. మొదటిదే మేలు, ఆ అంకె హార్మోనియం షడ్జమేనని తర్వాత చూసినవాళ్లకూ అర్థమవుతుంది.

ఒక్కమాటలో, శ్రుతి ఒక్క చోటే మార్చాలి. కంట్రోలర్‌లో ట్రాన్స్‌పోజ్, హోస్ట్ ట్రాక్‌లో డీట్యూన్, ప్లగిన్‌లో ఫైన్ ట్యూన్, పట్టికలో ఆధార స్వరం, ఈ నాలుగూ ఒకదాని మీద ఒకటి కలుస్తాయి, ఒక్కటీ మిగతా మూడింటి గురించి చెప్పదు. మూడింటిని సున్నా చేసి ఒక్కదాన్ని వాడండి.

సరిచూసుకోవడం చెవితోనే. హార్మోనియంలో తార షడ్జం, పియానోలో అదే మెట్టు, రెండూ పట్టి ఉంచాలి. నాలుగు సెకన్లలో ఒక బీటు కూడా పూర్తి కాకపోతే తేడా ఒక సెంటు లోపే. అంతకన్నా పట్టుకునే ప్రయత్నం వృథా, తిత్తి బలం దాన్ని మింగేస్తుంది.

పట్టిక తీసుకోని ప్లగిన్ అయితే వాయింపుతో నెట్టుకురావచ్చు. ఎడమ చేతిలో గాంధారం మానేసి స, ప, పై స మాత్రమే. గాంధారం, ధైవతం, నిషాదం కుడి చేతిలో, పావు సెకను లోపు వదిలేలా. గాంధారం దగ్గర రెండున్నర బీట్లంటే ఒక్కో బీటుకు 0.4 సెకను, ధైవతం దగ్గర ఇంకా తక్కువ. స్వరం అంతకంటే ముందే ఆగితే వణుకు పుట్టే సమయం ఉండదు. సస్టెయిన్ పెడల్ జోలికి పోకూడదు. సాదాగా వినిపిస్తుంది, కానీ నామానికి సరిపోతుంది.

బృందం మారినప్పుడు

తెలుగు బృందం ఒకటి శ్రుతి అన్నా ఒడియా మండలి సఫేద్ ఏక్ అన్నా సీయే, గొడవ లేదు. రెండున్నర శ్రుతి, కాలీ దో రెండూ డీ షార్ప్. కాలీ దో విని రెండు అనుకుని డీ పట్టుకుంటే ఒక మెట్టు తప్పుతుంది. మనవాళ్ల అయిదున్నర వాళ్లకు కాలీ చార్, ఆరున్నర కాలీ పాంచ్. ఈ వరుస కంట్రోలర్ అంచున టేపు మీద రాసి అతికించారు.

కాలీ దో వంతు వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో రూట్ నోట్‌ను డీ షార్ప్‌కు మార్చాలనిపిస్తుంది. మార్చకూడదు. ఈ పట్టిక పాడేవాళ్ల షడ్జానిది కాదు, రీడ్లది. షడ్జం ఎక్కడికి మారినా హార్మోనియంలో ఈ (E) +21 దగ్గరే, జీ +36 దగ్గరే ఉంటాయి. రూట్ తిప్పితే కొత్త గాంధారమైన జీ పియానోలో సుమారు 15 సెంట్లు దిగిపోతుంది, రీడు మాత్రం దిగదు. కంట్రోలర్ ట్రాన్స్‌పోజ్ నొక్కి సీ వేళ్లతోనే వాయించుకోవచ్చు. మెట్టు సంఖ్య ప్లగిన్ చేరేలోపే మారిపోతుంది కాబట్టి పట్టిక సరైన స్వరానికే తగులుతుంది. అదే ప్లగిన్ లోపలి ట్రాన్స్‌పోజ్ అయితే అది పట్టికకు ముందు పనిచేస్తుందో తర్వాతో ఒకసారి ట్యూనర్‌తో చూసుకోవాలి.

స్కేల్ చేంజర్ హార్మోనియం అయితే లెక్క మారుతుంది. అందులో మెట్ల పలక రీడ్ల మీద జరుగుతుంది. ఒక గడి జరిపాక సీ మెట్టు కింద సీ రీడు ఉండదు. కానీ మోగేది ఏ స్వరమో ఆ రీడు అంకె మాత్రం అదే. పియానో పట్టికను మోగే స్వరానికి కట్టాలి, చేతికి కనిపించే మెట్టుకు కాదు.

తంబూరా యాప్‌ను సీ, +34 సెంట్లు చేస్తే సరిపోయింది. తబలా, మృదంగం సుత్తీ రాయీ దెబ్బలతో వచ్చేస్తాయి. వేణువు దగ్గరే చిక్కు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 3 సెంట్లు పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది, పైగా 440కి చేసిన వేణువును ఊదే కోణంతో 34 సెంట్లు ఎత్తి పట్టడం గంటసేపు సాగే పని కాదు. వేణువు ఉన్న వంతులో హార్మోనియం పల్లవి వరకే ఉండి తప్పుకుంది, పియానోను మాస్టర్ సున్నా, సమాన శ్రుతి ఉన్న రెండో ప్రీసెట్‌కు మార్చారు. రెండు ప్రీసెట్లకూ పేర్లు స్పష్టంగా ఉండాలి: మందిరం పెట్టె 266.8, సాదా 440.

రికార్డింగ్ తీసేటట్టయితే పియానో ఆడియోతోపాటు మిడిని కూడా దాచండి. తర్వాత స్టూడియోలో 440 వేణువు కలపాలంటే భజన మొత్తాన్ని వేగం తగ్గించి 34 సెంట్లు దించాల్సి వస్తుంది, 5 నిమిషాల పాట సుమారు 5 నిమిషాల 6 సెకన్లవుతుంది. అలా దించాక పాత పియానో ఆడియోను వాడుకోవచ్చు, లేదా అదే మిడిని పట్టికతో, ఆధార స్వరం 261.63 చేసి మళ్లీ మోగించుకోవచ్చు. రెండో దారిలో టెంపోను కూడా 1.02తో భాగించి తగ్గించాలి, లేకపోతే పియానో తాళం కంటే ముందే పరుగెడుతుంది.